ఆపుకోలేని మూత్రానికి మాత్ర: ఏ మందు, ఎవరికి, ఎంతకాలం?

అండమాన్ రాజధాని శ్రీవిజయపురం నుంచి (2024 సెప్టెంబరు దాకా దాని పేరు పోర్ట్ బ్లెయిర్) ఉత్తరాన మాయాబందర్‌కో డిగ్లీపూర్‌కో వెళ్లే బస్సు జిర్కాటాంగ్ గేటు దగ్గర ఆగుతుంది. వాహనాలన్నీ కాన్వాయ్‌గా వరుస కట్టాక, జారవా ఆదివాసుల రిజర్వు అడవి గుండా మిడిల్ స్ట్రెయిట్ రేవు దాకా సుమారు 49 కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా పోవాలి. జారవాల క్షేమం కోసం పెట్టిన నియమం అది. సడలించకూడనిది కూడా. కానీ మూత్రం వచ్చిందంటే రెండు నిమిషాలైనా ఆపుకోలేని మనిషికి ఆ దారి ఎంత పెద్ద పరీక్షో బయటివాళ్లకు తెలియదు. ఇలాంటి బాధ ఉన్నవాళ్లు ఎక్కడైనా మొదట చేసేది నీళ్లు తాగడం తగ్గించడం, తర్వాత ప్రయాణాలు మానుకోవడం, ఆ తర్వాత పెళ్లిళ్లకూ పేరంటాలకూ దూరం కావడం. డాక్టరు దగ్గరికి వెళ్లడం చాలామందికి అన్నిటికన్నా చివరి పని.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాల్లోని 3 లక్షల 80 వేల మందిలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకూ కూలికీ వచ్చి స్థిరపడినవారి సంతతి, 1969 తర్వాత గ్రేట్ నికోబార్‌లో భూములిచ్చి కూర్చోబెట్టిన మాజీ సైనికుల కుటుంబాల్లోని ఆంధ్రులు, ఉద్యోగాలకు వచ్చి ఇక్కడే విశ్రాంత జీవితం గడుపుతున్నవారు, అందరూ ఇందులో ఉన్నారు. ఆ తొలితరం ఇప్పుడు ముసలితనంలో ఉంది. మూత్రాశయం అతిగా స్పందించే జబ్బు వయసుతోపాటు పెరిగేదే కనుక ఈ ప్రశ్న వారి ఇళ్లలోకి వచ్చేసింది: దీనికి డాక్టర్లు రాసే మాత్రలు నిజంగా పనిచేస్తాయా? ముసలివాళ్లకు అవి మతిమరుపు తెస్తాయన్న మాటలో నిజమెంత? కొత్త మందు పాతదానికన్నా మేలా? ఒకసారి మొదలుపెడితే జీవితాంతం మింగాలా?

గత పాతికేళ్లలో ఈ ప్రశ్నల మీద వైద్య ప్రపంచంలో వచ్చిన వాదాలు ఒకదాన్నొకటి చుట్టుకుని చిక్కుబడ్డాయి. వాటిని విడదీసి చూడటం ఈ వ్యాసం పని.

జబ్బు పేరు మీదే మొదటి తగాదా

అంతర్జాతీయ కాంటినెన్స్ సొసైటీ 2002లో ఇచ్చిన నిర్వచనమే నేటికీ ఆధారం. ఉన్నట్టుండి, వాయిదా వేయలేనంత గట్టిగా మూత్రం రావడం దీని ముఖ్య లక్షణం. దానితోపాటు పగలు మాటిమాటికీ వెళ్లాల్సి రావడం, రాత్రి నిద్రలో లేవాల్సి రావడం సాధారణంగా ఉంటాయి. కొందరికి చేరేలోపే బట్టలు తడుస్తాయి, కొందరికి తడవవు. ఇన్ఫెక్షన్ గానీ మరో స్పష్టమైన కారణం గానీ లేకపోతేనే దీన్ని ఓవర్ యాక్టివ్ బ్లాడర్ అంటారు. అంటే ఇది స్కానింగులోనో రక్తపరీక్షలోనో కనిపించే జబ్బు కాదు. రోగి చెప్పిన లక్షణాల మూట.

విమర్శకులు పట్టుకున్నది సరిగ్గా ఇక్కడే. ఈ పేరు వాడుకలోకి వచ్చింది 1990ల చివర. టాల్టెరోడిన్ అనే మందు అమెరికా మార్కెట్లోకి వచ్చింది 1998లో. ఆపుకోలేక తడుపుకునేవారినే కాక, తడవకపోయినా తరచూ వెళ్లేవారిని కూడా కలుపుకొనే పేరు పెట్టడం వల్ల మందుల కంపెనీలకు గిరాకీ ఎన్నో రెట్లు పెరిగిందని వారి వాదన. అందులో నిజముంది. పేరు విశాలమయ్యాక వ్యాపారమూ విశాలమైంది. అయితే రెండో వైపు కూడా చూడాలి. అప్పటిదాకా ‘వయసు మీద పడింది, అంతే’ అని సర్దుకుపోయిన లక్షలాది స్త్రీలు ఈ పేరు వచ్చాకే డాక్టరుతో మాట్లాడగలిగారు. పేరులో వ్యాపారం ఉన్నంత మాత్రాన బాధ అబద్ధమైపోదు. ఐదు దేశాల్లో జరిపి 2006లో ప్రచురించిన ఎపిక్ సర్వేలో పెద్దవారిలో దాదాపు 12 శాతం మందికి ఈ లక్షణాలున్నట్టు తేలింది. అందులో ఆడా మగా తేడా పెద్దగా లేదు.

మాత్రకు ముందు తేలాల్సినవి

మాత్ర రాసేముందు ఇతర కారణాలేవీ లేవని తేల్చుకోవాలన్న విషయంలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. ఆచరణలో ఎక్కువగా తప్పిపోయేదీ ఇదే.

షుగరు అదుపులో లేకపోతే మూత్రం ఎక్కువగా తయారవుతుంది. అక్కడ మూత్రాశయాన్ని మందుతో అణచినా ఫలితం ఉండదు. షుగరుకు ఇప్పుడు విరివిగా రాస్తున్న గ్లిఫ్లోజిన్ మందులు మూత్రం ద్వారానే చక్కెరను బయటికి పంపుతాయి, కనుక మాటిమాటికీ వెళ్లాల్సి రావడం వాటి స్వభావమే. బీపీకీ గుండెకూ ఇచ్చే నీటి మాత్రలు సాయంత్రం వేసుకుంటే రాత్రంతా లేవాల్సిందే. మూత్రంలో ఇన్ఫెక్షన్, రాయి, మూత్రాశయంలో గడ్డ, మగవారిలో ప్రోస్టేటు వాపు, ఆడవారిలో గర్భసంచి జారడం, మలబద్ధకం, ఇవన్నీ ఇదే రూపంలో కనిపించవచ్చు. మూత్రంలో రక్తం కనిపిస్తే మాత్రల ఆలోచన పక్కనపెట్టి ముందు దాని సంగతి చూడాలి.

మూత్ర పరీక్ష, షుగరు పరీక్ష, అవసరమైతే మూత్రం పోశాక లోపల ఎంత మిగిలిందో చూసే అల్ట్రాసౌండు, మూడు రోజులపాటు ఎప్పుడు ఎంత తాగారు, ఎప్పుడు ఎంత పోశారు అని రాసుకున్న చీటీ. వీటిలో ఏదీ ఖరీదైనది కాదు. ఆ చీటీ ఒక్కటే ఎన్నో సందేహాలు తీరుస్తుంది. రాత్రి మూడుసార్లు లేచే మనిషి ప్రతిసారీ నిండుగా పోస్తుంటే లోపం మూత్రాశయంలో లేదు. రాత్రిపూట మూత్రం ఎక్కువగా తయారవుతోందన్నమాట. కాళ్ల వాపు, గుండె బలహీనత, నిద్రలో ఊపిరి ఆగడం, రాత్రి ఆలస్యంగా తాగే టీ వంటి కారణాలు వెతకాలి. అలాంటివారికి మూత్రాశయం మాత్ర ఇవ్వడం గురి తప్పిన వైద్యం.

బెల్లడోనా నుంచి బీటా-3 దాకా

మూత్రసంచి గోడలోని డెట్రుసర్ కండరం ముడుచుకోవాలంటే నరాల కొసల నుంచి ఎసిటైల్‌కోలిన్ విడుదలై, కండరం మీది మస్కరినిక్ గ్రాహకాలను, ముఖ్యంగా ఎం-3 రకాన్ని, తాకాలి. ఆ తాకిడిని అడ్డుకుంటే కండరం శాంతిస్తుంది. బెల్లడోనా మొక్క నుంచి తీసిన అట్రోపిన్ చేసే పని ఇదే. అయితే అట్రోపిన్ శరీరమంతటా ఇదే పని చేస్తుంది. నోరెండుతుంది, చూపు మసకబారుతుంది, గుండె దడదడలాడుతుంది. ఆ తర్వాత వచ్చిన మందుల చరిత్రంతా మూత్రాశయాన్ని మాత్రమే తాకి తక్కిన అవయవాలను వదిలేసే మందు కోసం జరిగిన వెతుకులాటే.

1975లో అమెరికా ఔషధ సంస్థ ఆమోదం పొందిన ఆక్సీబ్యుటినిన్ ఈ వరుసలో మొదటి పెద్ద మందు. బాగా పనిచేసింది, బాగానే ఇబ్బందీ పెట్టింది. యూరప్‌లో విరివిగా వాడిన టెరోడిలిన్ గుండె లయను ప్రమాదకరంగా దెబ్బతీస్తోందని తేలడంతో 1991లో దాన్ని ఉపసంహరించుకున్నారు. ప్రాణం తీయని జబ్బుకు ప్రాణం మీదికి తెచ్చే మందు ఉండకూడదన్న జాగ్రత్త ఈ రంగంలో అప్పటి నుంచీ బలపడింది. తర్వాత 1998లో టాల్టెరోడిన్, 2004లో ట్రోస్పియం, సోలిఫెనాసిన్, డారిఫెనాసిన్, 2008లో ఫెసోటెరోడిన్ అమెరికాలో అనుమతి పొందాయి. రోజుకు ఒక్కసారి వేసుకుంటే చాలు, మెల్లగా కరుగుతూ పనిచేసే మాత్రలు రావడంతో నోరెండటం కొంత తగ్గింది.

2011లో జపాన్, 2012లో అమెరికా అనుమతించిన మిరాబెగ్రాన్‌తో దారి మారింది. ఇది ఎసిటైల్‌కోలిన్ జోలికి పోదు. కండరం మీది బీటా-3 గ్రాహకాలను ప్రేరేపించి, సంచి నిండే దశలో కండరాన్ని సడలిస్తుంది. ఇదే జాతికి చెందిన వైబెగ్రాన్‌కు 2018లో జపాన్, 2020 డిసెంబరులో అమెరికా అనుమతినిచ్చాయి. భారతదేశంలో సోలిఫెనాసిన్, టాల్టెరోడిన్, మిరాబెగ్రాన్ అనేక కంపెనీల పేర్లతో దొరుకుతున్నాయి. మిరాబెగ్రాన్, సోలిఫెనాసిన్ రెండూ కలిపిన మాత్రలు కూడా ఉన్నాయి.

ఎంత మేలు? అనుకున్నదానికన్నా తక్కువ, అనవసరం అనలేనంత ఎక్కువ

ప్రకటనలూ భయాలూ రెండూ పక్కనపెట్టి చూడాల్సిన చోటు ఇది. ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకునే మందుల మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష చెప్పిందేమిటంటే, మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర మింగినవారితో పోలిస్తే మందు మింగినవారికి వారానికి సుమారు ఐదుసార్లు వెళ్లడం తగ్గింది, సుమారు నాలుగుసార్లు తడవడం తగ్గింది. వారానికి, రోజుకు కాదు. రోజుకు పన్నెండుసార్లు వెళ్లే మనిషికి ఈ లెక్క చాలా చిన్నదిగా తోస్తుంది. కానీ సగటు కొందరికి జరిగిన పెద్ద మేలునూ, కొందరికి ఏమీ జరగకపోవడాన్నీ ఒకే అంకెలో దాచేస్తుంది. అందుకే ఏ ఒక్కరికైనా మందు పనికొస్తుందా లేదా అన్నది ఆ మనిషి వాడి చూస్తేనే తేలుతుంది.

ఉత్తుత్తి మాత్ర కూడా ఇక్కడ తక్కువేం కాదు. 1998లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన క్యాథ్రిన్ బర్జియో బృందం అధ్యయనాన్ని ప్రస్తావించకుండా ఈ చర్చ పూర్తికాదు. 55 నుంచి 92 ఏళ్ల మధ్య వయసున్న 197 మంది స్త్రీలను మూడు జట్లు చేశారు. ఉత్తుత్తి మాత్ర మింగినవారిలో తడవడం సుమారు 39 శాతం తగ్గింది. ఆక్సీబ్యుటినిన్ మింగినవారిలో సుమారు 69 శాతం తగ్గింది. మాత్ర లేకుండా కటి కండరాలను బిగించడం, ఒత్తిడి వచ్చినప్పుడు పరుగెత్తకుండా నిలబడి దాన్ని అణచుకోవడం నేర్చుకున్నవారిలో సుమారు 81 శాతం తగ్గింది. మందును మించి శిక్షణ గెలిచింది. అయితే అది అనుభవమున్న నర్సు దగ్గర కూర్చోబెట్టి, ఓపికగా నేర్పిన శిక్షణ. ‘వ్యాయామం చేయండమ్మా’ అని చెప్పి పంపేస్తే వచ్చే ఫలితం కాదు.

ఈ శిక్షణ కొత్తదేమీ కాదు. మూత్రానికి మూత్రానికి మధ్య వ్యవధిని కొద్దికొద్దిగా పెంచుతూ పోయే పద్ధతిని 1960లలోనే ఇంగ్లండులో జెఫ్‌కోట్, ఫ్రాన్సిస్ వివరించారు. అప్పటి నుంచి ఇప్పటి దాకా దాని బలం తగ్గలేదు. తగ్గింది దాన్ని నేర్పే ఓపిక.

నోరెండటం, ఉక్కపోత, ఓడ ప్రయాణం

పాత మందుల దుష్ఫలితాలు అందరికీ తెలిసినవే. నోరెండటం, మలబద్ధకం, కళ్లు మసకబారడం, మగవారిలో మూత్రం బిగుసుకుపోవడం. ఇరుకు కోణపు నీటికాసులు ఉన్నవారికి ఇవి ప్రమాదం. నోరెండితే మనిషి ఎక్కువ నీళ్లు తాగుతాడు. ఎక్కువ తాగితే ఎక్కువసార్లు వెళ్లాలి. మందే మందుకు అడ్డం పడుతుంది. చాలామంది కొన్ని నెలల్లోనే మాత్రలు మానేస్తారు. బ్రిటన్‌లో మందుచీటీల లెక్కలు చూసినప్పుడు ఏడాది తిరిగేసరికి పాత మందుల్లో అన్నిటికన్నా మెరుగ్గా నిలిచిన సోలిఫెనాసిన్‌ను కూడా మొదలుపెట్టినవారిలో సుమారు మూడో వంతే వాడుతున్నారు.

అండమాన్ విషయంలో రెండు సంగతులు విడిగా చెప్పాలి. ఏడాదంతా తేమ నిండిన ఉక్కపోత ఇక్కడి వాతావరణం. ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకునే మందులు చెమటను తగ్గిస్తాయి. చెమట పట్టక ఒళ్లు వేడెక్కే ముప్పు ఎండలో పనిచేసే మత్స్యకారులకూ, రేవు కూలీలకూ, పొలంలో ఉండే ముసలివారికీ ఎక్కువ. లండనులో రాసిన హెచ్చరికల్లో చివరి వరుసలో ఉండే ఈ మాట ఇక్కడ మొదటి వరుసకు రావాలి.

రెండోది ఓడ. విశాఖ నుంచో చెన్నై నుంచో శ్రీవిజయపురానికి రెండున్నర రోజుల దాకా సముద్ర ప్రయాణం. వాంతులు కాకుండా వేసుకునే ప్రోమెథజీన్, హయోసిన్ లాంటి మాత్రలు కూడా ఇదే జాతి గుణం ఉన్నవి. ఆక్సీబ్యుటినిన్ వాడే డెబ్బై ఏళ్ల మనిషి ఓడ మాత్ర కూడా వేసుకుంటే రెండింటి భారం ఒకేసారి మెదడు మీద, మూత్రాశయం మీద పడుతుంది. తికమకపడటం, తూలి పడటం, మూత్రం పూర్తిగా బిగుసుకుపోవడం ఇలాంటప్పుడే జరుగుతాయి. జలుబుకు వేసుకునే క్లోర్‌ఫెనిరమిన్, కడుపు నొప్పికి వేసుకునే డైసైక్లోమిన్, నరాల నొప్పికి రాసే అమిట్రిప్టిలిన్ కూడా ఈ ఖాతాలోకే వస్తాయి. ఒక్కో మందును విడిగా చూస్తే తప్పు కనిపించదు. మొత్తం కలిపి కూడితేనే భారం తెలుస్తుంది.

మతిమరుపు వివాదం

ఈ చర్చలో అన్నిటికన్నా వేడెక్కిన భాగం ఇది.

2015లో అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో 65 ఏళ్లు దాటిన 3,434 మందిని సగటున ఏడేళ్లకు పైగా గమనించిన షెల్లీ గ్రే బృందం, ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకునే గుణమున్న మందులను బాగా ఎక్కువకాలం వాడినవారిలో డిమెన్షియా ముప్పు సుమారు 54 శాతం ఎక్కువని ప్రకటించింది. అందులో మూత్రాశయం మందులే కాదు, జలుబు మందులూ, పాత తరం డిప్రెషన్ మందులూ ఉన్నాయి. 2019లో ఇంగ్లండు నుంచి కరోల్ కప్లండ్ బృందం ఇంకా పెద్ద లెక్క తెచ్చింది. డిమెన్షియా వచ్చిన 58,769 మందినీ, రాని 2 లక్షల 25 వేల మందినీ పోల్చి, మూత్రాశయం మందులను అత్యధిక మోతాదులో వాడినవారిలో ఆ జబ్బు అవకాశం 65 శాతం ఎక్కువగా ఉందని చూపించింది.

ఈ అంకెలు పత్రికల్లోకి ఎక్కాయి, భయం పుట్టించాయి. వాటిని ఎలా చదవాలన్న దానిపై నిపుణులు రెండుగా చీలారు.

ఒక వర్గం వాదన ఇది: ఎసిటైల్‌కోలిన్ జ్ఞాపకశక్తికి కావలసిన రసాయనం. అల్జీమర్స్‌లో తగ్గేది అదే. దాన్ని పెంచడానికి డోనెపెజిల్ ఇస్తూ, మరో చేత్తో అడ్డుకునే మాత్ర ఇవ్వడం తర్కానికి నిలవదు. మోతాదు పెరిగేకొద్దీ ముప్పు పెరగడం కార్యకారణ సంబంధానికి సూచన. ఒకే మాట వేర్వేరు దేశాల నుంచి పదేపదే వస్తోంది.

రెండో వర్గం అంటుంది: ఇవన్నీ మందుచీటీల లెక్కలు, చీటీ వేసి రెండు జట్లుగా పంచి చేసిన ప్రయోగాలు కావు. మూత్రాశయం మీద అదుపు తప్పడమే మెదడు జబ్బుకు తొలి సూచన కావచ్చు. అప్పుడు మందు వల్ల జబ్బు వచ్చినట్టు కనిపిస్తుంది గానీ, రాబోయే జబ్బు వల్లే మందు అవసరమై ఉంటుంది. పైగా ఈ జాతి మందులన్నీ మెదడులోకి ఒకేలా చొరబడవు. ఆక్సీబ్యుటినిన్ సులువుగా వెళ్తుంది. ట్రోస్పియం విద్యుదావేశం ఉన్న అణువు కనుక మెదడు పొరను దాటడం కష్టం. డారిఫెనాసిన్ జ్ఞాపకానికి సంబంధించిన ఎం-1 గ్రాహకాన్ని పెద్దగా ముట్టుకోదు.

రెండో వర్గం అభ్యంతరం బలమైనదే. కప్లండ్ బృందం ఆ చిక్కును తప్పించుకోవడానికి డిమెన్షియా బయటపడడానికి ముందు చివరి ఏడాది వాడిన మందులను లెక్కలోంచి తీసేసింది. కానీ మెదడులో ఆ జబ్బు పదిహేను ఇరవై ఏళ్ల ముందే మొదలవుతుందన్నది ఇప్పుడు తెలిసిన సంగతి. కనుక కారణం రుజువైందని చెప్పలేం. అయినా నిర్ణయం రుజువు కోసం ఆగనక్కర్లేదు. ఒకే మేలు చేసే రెండు మందుల్లో ఒకదాని మీద ఇలాంటి అనుమానం ఉన్నప్పుడు, డెబ్బై దాటినవారికి, అప్పటికే మతి తప్పుతున్నవారికి అనుమానం లేని మందునే మొదట ఇవ్వాలి. బ్రిటన్ మార్గదర్శకాలు బలహీనంగా ఉన్న వృద్ధ స్త్రీలకు త్వరగా కరిగే ఆక్సీబ్యుటినిన్ ఇవ్వవద్దని 2013 నుంచే చెబుతున్నాయి. అది చౌక కాబట్టి రాసే అలవాటు ఎక్కడున్నా మానాల్సిందే. నలభై ఏళ్ల ఆరోగ్యవంతురాలికి ఆరు నెలలపాటు సోలిఫెనాసిన్ ఇవ్వడం మాత్రం పూర్తిగా వేరే సంగతి. ఆ రెంటినీ ఒకే గాటన కట్టి భయపెట్టడం న్యాయం కాదు.

మిరాబెగ్రాన్ అన్నిటికీ జవాబు కాదు

మతిమరుపు భయం మిరాబెగ్రాన్‌కు పెద్ద దారి తెరిచింది. మేలులో అది పాత మందులతో దాదాపు సమానం, వాటిని మించింది కాదు. నోరెండటం ఉత్తుత్తి మాత్ర స్థాయిలోనే ఉంటుంది. అందుకే దాన్ని వాడేవారు పాత మందులు వాడేవారికన్నా ఎక్కువకాలం కొనసాగిస్తారు.

అయితే అది రక్తపోటును పెంచగలదు. 2015లో బ్రిటన్ ఔషధ సంస్థ, బీపీ 180 బై 110 స్థాయికి చేరి అదుపులో లేనివారికి దీన్ని ఇవ్వకూడదని స్పష్టం చేసింది. వాడేవారందరికీ మొదలుపెట్టేముందూ తర్వాతా బీపీ చూడాలి. కాలేయంలో కొన్ని మందులను కరిగించే ఎంజైమును ఇది నెమ్మదింపజేస్తుంది కనుక మెటోప్రొలాల్ లాంటివి శరీరంలో పేరుకోవచ్చు. డిజాక్సిన్ వాడేవారికీ జాగ్రత్త కావాలి. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి 25 మిల్లీగ్రాములు దాటకూడదు. బీపీ మీద ప్రభావం లేకపోవడం, ఆ ఎంజైమును ముట్టుకోకపోవడం వైబెగ్రాన్‌కు అనుకూలంగా చెప్పే మాటలు. ధరలో మిరాబెగ్రాన్ పాత మందులకన్నా ఎక్కువ. నెలనెలా కొనుక్కోవాల్సిన పెన్షనుదారుకు ఆ తేడా చిన్నది కాదు.

మెట్లా, ఎంపికా?

చికిత్స క్రమం మీద మూడు ధోరణులున్నాయి.

మొదటిది మెట్ల పద్ధతి. 2012లో అమెరికన్ యూరాలజీ సంఘం పెట్టిన క్రమం ఇది. ముందు అలవాట్ల మార్పు, శిక్షణ, చాలకపోతే మాత్ర, అదీ చాలకపోతే మూత్రాశయంలో బోటాక్స్ సూదిమందు, చీలమండ దగ్గరి నరానికి విద్యుత్ ప్రేరణ, వెన్నెముక కింది నరాలకు అమర్చే పరికరం. బీమా కంపెనీలకూ ప్రభుత్వాలకూ ఈ క్రమం నచ్చింది, ఖర్చు అదుపులో ఉంటుంది కనుక. రెండోది ఎంపిక పద్ధతి. అదే సంఘం 2024లో మెట్లను పక్కనపెట్టి, అన్ని మార్గాలూ రోగి ముందుంచి కలిసి నిర్ణయించుకోవాలంది. డిమెన్షియా ముప్పు గురించి రోగితో మాట్లాడాలని కూడా చెప్పింది. మూడోది మాత్రలను వీలైనంత తగ్గించాలనే వృద్ధ వైద్యుల ధోరణి. ఇప్పటికే ఏడెనిమిది మాత్రలు మింగే మనిషికి తొమ్మిదోది చేర్చేముందు ఉన్నవాటిలో ఏది తీసేయొచ్చో చూడాలంటారు వీరు.

పక్కపక్కన పెట్టి చూస్తే, మెట్ల పద్ధతి పేదవారికీ చిన్న ఆసుపత్రులకూ అందుబాటులో ఉండేది, కానీ పనిచేయని మెట్టు మీద రోగిని నెలల తరబడి నిలబెడుతుంది. ఎంపిక పద్ధతి రోగికి గౌరవమిస్తుంది. ఎంచుకోవడానికి దారులున్న చోటే అది పనిచేస్తుంది. మాత్రలు తగ్గించే ధోరణి ముసలివారికి క్షేమం, పదేపదే చూసే డాక్టరు లేకపోతే అది నిర్లక్ష్యంగా మారుతుంది.

బోటాక్స్‌నూ మాత్రలనూ నేరుగా పోల్చిన అమెరికా ప్రయోగం 2012లో వెలువడింది. తడవడం రెండు జట్లలోనూ ఇంచుమించు సమానంగా తగ్గింది. పూర్తిగా ఆగిపోయినవారు బోటాక్స్ జట్టులో 27 శాతం, మాత్రల జట్టులో 13 శాతం. కానీ బోటాక్స్ జట్టులో 33 శాతం మందికి మూత్ర ఇన్ఫెక్షన్ వచ్చింది, మాత్రల జట్టులో 13 శాతానికే. బోటాక్స్ తీసుకున్నవారిలో కొందరికి మూత్రం బిగుసుకుపోయి గొట్టం వేయాల్సి వచ్చింది.

ఈ చివరి మాట ద్వీపాల్లో బరువైనది. శ్రీవిజయపురంలో జి.బి. పంత్ ఆసుపత్రి, 2015లో మొదలైన వైద్య కళాశాల ఉన్నాయి. కార్ నికోబార్‌లో బిషప్ జాన్ రిచర్డ్‌సన్ పేరిట ఆసుపత్రి ఉంది. కానీ క్యాంప్‌బెల్ బే నుంచి రాజధానికి 500 కిలోమీటర్లకు పైగా సముద్రం. పెద్ద చికిత్స కావాలంటే ద్వీపవాసులు మెయిన్‌ల్యాండ్ అని పిలిచే చెన్నైకో కోల్‌కతాకో విశాఖకో దాటాలి. బోటాక్స్ ప్రభావం కొన్ని నెలల్లో తగ్గిపోతుంది, మళ్లీ మళ్లీ వేయించుకోవాలి. సూదిమందు తర్వాత మూత్రం బిగిస్తే ఆ రోజే గొట్టం వేసేవాళ్లు దగ్గరుండాలి. చివరి ఓడ వెళ్లిపోయిన దీవిలో ఆ ధైర్యం ఎవరూ చేయలేరు. కాబట్టి పుస్తకంలో ఎన్ని దారులున్నా ఇక్కడి రోగికి మిగిలేవి శిక్షణ, మాత్ర. మరెక్కడా లేనంత జాగ్రత్తగా మాత్రను ఎంచాల్సింది అందుకే.

ఇంకా తేలనివి

డిమెన్షియాకు ఈ మందులు కారణమా, లేక రాబోయే జబ్బుకు ముందు నడిచే నీడలా అన్నది తేలలేదు. మిరాబెగ్రాన్‌ను పదేళ్లు వాడితే ఏమవుతుందన్నదానికి ప్రయోగశాల జవాబు లేదు. ప్రయోగాలు ఎక్కువగా మూడు నెలలు, ఏడాది నడిచేవే. రెండు జాతుల మందులు కలిపి ఇస్తే ఒక్కదానికన్నా కొంత మేలు ఎక్కువని సినర్జీ లాంటి ప్రయోగాలు చూపాయి. ఆ కొంత మేలు రెట్టింపు ఖర్చుకూ, కలిసి వచ్చే దుష్ఫలితాలకూ సరితూగుతుందా అన్నది ప్రశ్నే. బాగా తగ్గినవారు మందు ఎప్పుడు ఆపాలన్నదానికి స్పష్టమైన నియమం లేదు. ఆపితే చాలామందికి లక్షణాలు తిరిగి వస్తాయి, కొందరికి రావు. ఎవరికి రావో ముందే చెప్పే పరీక్ష లేదు.

ద్వీపాల కోసం ఒక తీర్పు

ఇంత గందరగోళంలోనూ ఇక్కడ పనికొచ్చే క్రమం ఒకటి నిలబడుతుంది. పరీక్షలు చేసి, చీటీ రాయించి, జబ్బు ఇదేనని తేల్చుకోవాలి. రుతుక్రమం ఆగిన స్త్రీలకు యోనిలో రాసే ఈస్ట్రోజెన్ లేపనం పనికొస్తుందేమో చూడాలి. శిక్షణను మాత్రతోపాటే మొదలుపెట్టాలి. దాన్ని నేర్పడానికి యూరాలజిస్టు అక్కర్లేదు, ఆరోగ్య ఉపకేంద్రంలోని నర్సుకు నాలుగు రోజులు తర్ఫీదు ఇస్తే చాలు. ఆమె తెలుగులోనో బెంగాలీలోనో నికోబారీలోనో చెప్పగలిగితే ఫలితం ఇంకా బాగుంటుంది. డెబ్బై దాటినవారికి బీపీ అదుపులో ఉంటే మిరాబెగ్రాన్ మొదటి ఎంపిక. బీపీ మొండిగా ఉంటే, మతి సరిగా ఉండి మలబద్ధకం లేకపోతే, తక్కువ మోతాదు సోలిఫెనాసిన్ లేదా దొరికితే ట్రోస్పియం. చిన్నవయసువారికి మెల్లగా కరిగే పాత మందులు చాలు. ప్రోస్టేటు వాపు ఉన్న మగవారికి ముందు దాని మందు, తర్వాతే ఇది, అదీ లోపల మిగిలే మూత్రం చూశాక. త్వరగా కరిగే ఆక్సీబ్యుటినిన్ ముసలివారికి వద్దు.

మందు గుణం తెలియడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. వారం రోజులు వాడి పనిచేయలేదని మానేయడం, పనిచేయకపోయినా ఏళ్ల తరబడి మింగడం, రెండూ నష్టమే. ఇక్కడి ఆరోగ్య శాఖ ముసలివారు వాడే మందులన్నిటినీ ఏడాదికోసారైనా ఒకేచోట కూర్చి చూసే ఏర్పాటు చేయాలి. ఓడ టికెట్టు తీసుకునేముందు వాంతుల మాత్ర గురించి అడగమని చెప్పడం కూడా అందులో భాగం కావాలి.

ఇంట్లో ఈ బాధ పడుతున్న పెద్దవారుంటే వారు వాడే మాత్రలన్నీ, జలుబు మాత్రతో సహా, ఒక సంచిలో వేసి డాక్టరు ముందు పెట్టండి. కొత్త మాత్ర రాసిన రోజే దాన్ని కొనసాగించాలా ఆపాలా అని మళ్లీ చూసే తేదీని కూడా అదే చీటీ మీద రాయించుకోండి.